క్రీడాచిహ్నముల కథ

క్రీడావస్తు ప్రదర్శనశాలను చూడబోయినవానికి అందు పలువిధములైన వస్తువులు కనబడును. అరిగిపోయిన పాదరక్షలు, బీటలువారిన హాకీకర్ర, వన్నె తరిగిన జెండా, గాజుపెట్టెలో మెరయు పతకము, ఏనాడో ఆరిపోయిన కాగడా - ఇవి యన్నియు మూగవస్తువులే. వాని వెనుకనున్న చెమటను, ఓర్పును, గెలుపోటములను అవి తమంతట తాము చెప్పజాలవు. చూడవచ్చువారో, వేర్వేరు దేశములవారు, వేర్వేరు భాషలవారు. వారిలో చదువు వచ్చినవారుందురు, రానివారును ఉందురు. వారందరికిని "ఇది ఆటల యిల్లు, లోనికి రండు" అని ఒక్కచూపులో చెప్పగలది ద్వారముపై నున్న చిహ్నమే. అట్టి చిహ్నమును రచించుట మిక్కిలి సులభమని పలువురు తలంతురు. నాలుగు గీతలు గీసి, రెండు రంగులు పూసిన చాలునని వారి యూహ. కాని గడచిన నూరేండ్లలో క్రీడల కొరకు రచింపబడిన చిహ్నముల చరిత్రను పరిశీలించినచో, ఆ నాలుగు గీతల వెనుక ఎంత యాలోచన యున్నదో, ఎంత బాధ్యత యున్నదో, ఒక్కొక్కప్పుడు ఎంతటి దుఃఖము దాగియున్నదో తెలియగలదు.

లోకమున నెల్లవారును గుర్తింపగల క్రీడాచిహ్నము ఒలింపిక్ వలయములు. ప్రాచీన గ్రీకుల ఒలింపిక్ క్రీడలను మరల నెలకొల్పవలెనని పాటుపడిన ఫ్రెంచి దేశీయుడు పియరీ ద కూబర్తిన్. ఆయన పూనికచే 1894వ సంవత్సరము జూన్ 23వ తేదీన పారిస్ నగరమున అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము స్థాపింపబడెను. 1896లో ఏథెన్సు నగరమున తొలి క్రీడలు జరిగెను. ఆ సంఘమునకు తగిన గుర్తును 1913లో కూబర్తిన్ తానే గీసెను. ఒకదానితో నొకటి పెనవేసికొనిన అయిదు వలయములు. నీలము, నలుపు, ఎరుపు పై వరుసను. పసుపు, ఆకుపచ్చ క్రింది వరుసను. వెనుక తెల్లని నేల. వలయము లైదును అయిదు భూఖండముల కలయికకు గుర్తులు.

ఇచ్చట నొక పొరపాటును దిద్దుకొనవలెను. నీలము ఒక ఖండమునకు, నలుపు వేరొక ఖండమునకు అని ఒక్కొక్క రంగును ఒక్కొక్క ఖండమునకు పంచిపెట్టుట చాలమందికి వాడుక. కూబర్తిన్ ఉద్దేశము అది కాదు. అయిదు రంగులును, వెనుకనున్న తెలుపును కలిసి ఆరు రంగులు. ఆనాటి దేశముల జెండాలలో ఏ దేశపు జెండాను తీసికొనినను, ఈ యారింటిలోని రంగులతోనే దానిని చిత్రింపవచ్చునని ఆయన యెంచెను. అనగా ఏ దేశస్థుడు చూచినను తన జెండా రంగు అందుండును; ఏ దేశమునకును అందు ప్రత్యేక మైన సొత్తులేదు. ఒక చిహ్నమును రచించువాడు ముందుగా "ఇది యెవరిది?" అని ప్రశ్నించుకొనవలెనని ఈ వలయములు తెలుపుచున్నవి. 1914లో పారిస్‌లో జరిగిన సభలో ఈ పతాకము చూపబడెను. 1916లో జరుగవలసిన క్రీడలు మొదటి ప్రపంచయుద్ధము వలన జరుగలేదు. తుదకు 1920లో, యుద్ధముచే నలిగిన బెల్జియము దేశములోని ఆంట్‌వెర్ప్ నగరమున ఈ పతాకము తొలిసారి క్రీడారంగముపై ఎగిరెను.

వలయములు క్రీడలన్నిటికిని కలిపి ఒక గుర్తు. కాని ఏ మైదానమున ఏ యాట జరుగుచున్నదో, త్రాగునీ రెచ్చటనో, వైద్యు డెచ్చటనో తెలుపుటకు వేరు బొమ్మలు కావలెను. మాటలకు బదులుగా బొమ్మలను క్రమపద్ధతిలో వాడవచ్చునని చూపినది ఒక ప్రదర్శనశాలయే. ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నాలో 1925లో ఒట్టో నాయరాత్ అను పండితుడు సాంఘిక ఆర్థిక విషయముల ప్రదర్శనశాల నొకదానిని స్థాపించెను. గృహనిర్మాణము, ఆరోగ్యము, కార్మికుల జీతములు మొదలగు సంగతులు పండితులకే గాక సామాన్యజనులకును తెలియవలెనని ఆయన కోరిక. అంకెల పట్టికలను చూచి జనులు విసుగుచెందుదురు. అందుచే వేయి మందికి ఒక మనిషిబొమ్మ, పదివేల మందికి పది మనిషిబొమ్మలు అను రీతిగా గోడలపై చిత్రపటములు వ్రేలాడదీయించెను. గెర్డ్ ఆర్న్‌ట్స్ అను చిత్రకారుడు ఆ బొమ్మలను నేర్పుతో గీసెను. ముక్కు, చెవి, బొత్తాములు మొదలగు అనవసరములు విడిచి, ఆకారమును మాత్రము నిలుపుట ఆయన పద్ధతి. 1935 నుండి ఈ విధానమునకు ఐసోటైప్ అను పేరు వచ్చెను. ఈ బీజమే తరువాత క్రీడారంగమున మహావృక్షమయ్యెను.

ఆ వృక్షము పెరిగిన చోటు జపాను దేశము. టోకియో నగరమున 1940లో ఒలింపిక్ క్రీడలు జరుగవలసియుండెను. కాని చైనాతో యుద్ధమునకు దిగిన జపాను 1938లో ఆ గౌరవమును తిరిగి యిచ్చివేసెను. తరువాత ప్రపంచయుద్ధము వచ్చెను. హిరోషిమా, నాగసాకి నగరములు అణుబాంబులచే బూడిదయయ్యెను. జపాను సేనలు ఆసియాలోని పెక్కుదేశములలో గావించిన క్రౌర్యమును లోకము మరువలేదు. 1948లో లండనులో జరిగిన క్రీడలకు జర్మనీకిని, జపానుకును ఆహ్వానమే పోలేదు. అట్టి జపానుకు 1964లో క్రీడలు జరుపు అవకాశము లభించెను. ఆసియా ఖండమున ఒలింపిక్ క్రీడలు జరుగుట అదియే మొదటిసారి. లోకమునకు జపాను ఏ ముఖమును చూపవలెను? ఇది చిత్రకారుల ముందు నిలిచిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు తొలి యుత్తరము కమేకురా యూసాకు అను చిత్రకారుడు రచించిన చిహ్నము. తెల్లని నేలపై పెద్ద ఎర్రని బింబము. దాని క్రింద బంగారువన్నె వలయము లైదు. వాని క్రింద "టోకియో 1964" అను అక్షరములు. అంతకుమించి ఏమియు లేదు. ఎర్రని సూర్యబింబము జపాను జెండా గుర్తు. యుద్ధకాలమున అది సేనల ముందు నడచిన గుర్తు. దానిని సిగ్గుతో దాచివేయవచ్చును. లేదా వెనుకటి గర్వముతో ఊపవచ్చును. కమేకురా ఆ రెండును చేయలేదు. ఆ బింబమును వలయములకు తోడుగా నిలిపి, ఇక నుండి ఈ సూర్యుడు ఆటల మైదానముపై ఉదయించుగాక యను భావమును కలిగించెను. పాతగుర్తును పారవేయక, దానికి క్రొత్త యర్థమును సంపాదించి పెట్టుట చిత్రకారుని నేర్పు. క్రీడల ప్రారంభదినమున జ్యోతిని వెలిగించుటకు ఎన్నుకొనబడిన యువకుడు సకాయి యోషినోరి కూడ అట్టి భావమునే ప్రకటించెను. అతడు 1945 ఆగస్టు 6వ తేదీన, అనగా హిరోషిమాపై బాంబు పడిన దినముననే, ఆ మండలమున జన్మించినవాడు.

రెండవ చిక్కు భాషకు సంబంధించినది. ఆ క్రీడలకు 93 దేశముల జట్లు వచ్చెను. జపాను లిపి వచ్చినవారిలో మిక్కిలి కొలదిమందికి మాత్రమే తెలియును. ఇన్ని దేశముల భాషలలో పలకలు వ్రాయించుట అసాధ్యము. వ్రాయించినను, ఒక్కొక్క పలక గోడయంత పెద్దది కావలసివచ్చును. ఆ కార్యమునకు నాయకుడైన కట్సుమీ మసారు అను కళావిమర్శకుడు, జపానువారికి తరతరములుగా తెలిసిన యొక సంగతిని జ్ఞప్తికి తెచ్చుకొనెను. జపానులో ఒక్కొక్క వంశమునకు ఒక్కొక్క కులచిహ్నముండును. పూవు, ఆకు, పక్షి మొదలగువానిని కొలది గీతలలో ఇమిడ్చి ఆ చిహ్నములను గీయుదురు. గుడ్డపై అద్దినను, తలుపుపై చెక్కినను, దీపపు కాగితముపై వ్రాసినను అవి చెడవు. ఈ ప్రాచీనవిద్యను క్రొత్త యవసరమునకు వాడుకొనవచ్చునని ఆయనకు తోచెను.

కట్సుమీ పర్యవేక్షణమున యమషిత యోషిరో మొదలగు యువచిత్రకారులు కూడి పనిచేసిరి. క్రీడలకు 20 చిహ్నములును, వసతులకు 39 చిహ్నములును సిద్ధమయ్యెను. ఒక్కొక్క యాటలో ఆ యాటకే చెందిన భంగిమ యేది యని వారు వెదకిరి. పరుగెత్తువానిని నిలుచుండబెట్టి గీసినచో ఎవరికిని అర్థము కాదు. ఈదువానికి ఒడలంతయు గీయనక్కరలేదు. నీటిపైకి వచ్చిన తలయు, ఎత్తిన చేయియు చాలును. ఏది తీసివేసినచో ఆట గుర్తు పట్టరాదో, దానిని నిలుపవలెను. ఏది తీసివేసినను గుర్తుపట్టవచ్చునో, దానిని తీసివేయవలెను. వినుటకు తేలికయైన యీ సూత్రమును ఆచరణలో పెట్టుటకు వందలకొలది చిత్తుబొమ్మలు గీయవలసివచ్చును. అంతకు పూర్వపు క్రీడలలోను బొమ్మలు వాడబడెను గాని, అన్నియు ఒకే కుటుంబమువలె కనబడునట్లు ఇంత క్రమముగా రచింపబడుట టోకియోలోనే మొదలు.

పని ముగిసిన పిమ్మట కట్సుమీ చేసిన యొక కార్యము చిరస్మరణీయము. ఆ చిహ్నములపై తమకు గల హక్కులను విడిచిపెట్టుచు సంతకములు చేయుడని ఆయన చిత్రకారులను కోరెను. ఇవి ఏ యొక్కరి సొత్తును గావు, సమాజమున కందరికిని చెందవలెనని ఆయన భావము. యువచిత్రకారులు సంతకము చేసిరి. హక్కులు నిలుపుకొనియున్నచో వారికి ధనము వచ్చియుండెడిది. కాని అట్లు చేయకుండుటచే, చిత్రలిపి యొక్క యీ పద్ధతి ఎల్ల దేశములకును అడ్డులేక వ్యాపించెను. నేడు రైలుస్టేషనులోగాని, ఆసుపత్రిలోగాని స్త్రీపురుషుల బొమ్మలను చూచి మరుగుదొడ్డి ఎచ్చటనో తెలిసికొనువాడు, ఆ యువకుల త్యాగఫలమునే యనుభవించుచున్నాడు. ఆ టోకియో క్రీడలలోనే భారతదేశపు హాకీజట్టు తుదిపోటీలో పాకిస్తానుపై 1-0 తేడాతో గెలిచి, 1960లో రోములో కోల్పోయిన స్వర్ణపతకమును మరల సంపాదించెను. ఆ ఆటగాండ్రకును దారి చూపినవి ఈ బొమ్మలే.

1968లో మెక్సికో నగరమున జరిగిన క్రీడలకు లాన్స్ వైమన్ అను అమెరికా చిత్రకారుడు మొదలగువారు వేరొక మార్గము త్రొక్కిరి. మనిషిబొమ్మకు మారుగా ఆ యాటలో వాడు పనిముట్టునో, అవయవమునో చూపిరి. అచ్చటి హుయిచోల్ అను గిరిజనులు దారములతోను పూసలతోను చేయు చిత్రములందలి సమాంతరరేఖలు, ఆ క్రీడల చిహ్నమున అలలు అలలుగా వ్యాపించెను. ఆ తరువాత 1969లో ఆరంభమైన మెక్సికో భూగర్భ రైలుమార్గములో ఒక్కొక్క స్టేషనుకు ఒక్కొక్క బొమ్మను వైమన్ సమకూర్చెను. చదువురాని పల్లెవాడును ఆ బొమ్మను చూచి తాను దిగవలసిన చోటును తెలిసికొనగలిగెను. దేశపు పాతకళ క్రొత్త యవసరమునకు తోడ్పడుటకు ఇది మరియొక నిదర్శనము.

చిహ్నరచన యెంత బరువైన బాధ్యతయో తెలుపు ఘట్టము జర్మనీలో జరిగెను. 1936లో బెర్లినులో జరిగిన ఒలింపిక్ క్రీడలను హిట్లరు తన ప్రచారమునకు వాడుకొనెను. ఎర్రని నేలపై నల్లని స్వస్తికము గల జెండాలతో వీధులన్నియు నింపబడెను. చిత్రములు, రంగులు, అక్షరములు, ఊరేగింపులు - కళయంతయు ఒక క్రూరప్రభుత్వమునకు దాస్యము చేసెను. ముప్పదియారు సంవత్సరముల తరువాత, 1972లో, మరల జర్మనీలోనే మ్యూనిక్ నగరమున క్రీడలు జరుగ నిర్ణయమయ్యెను. ఆ క్రీడలకు రూపము కల్పించు భారము ఓట్ల్ ఐఖర్ అను చిత్రకారునిపై పెట్టబడెను.

ఐఖర్ 1922లో ఉల్మ్ పట్టణమున జన్మించెను. బాలుడుగా నున్నప్పుడే హిట్లరు బాలసేనలో చేర నిరాకరించి, 1937లో నిర్బంధింపబడెను. అతని సహాధ్యాయి వెర్నర్ షోల్. ఆ వెర్నరు అన్నయగు హాన్స్ షోల్, అక్కయగు సోఫీ షోల్ హిట్లరు దుర్మార్గమును ఖండించుచు రహస్యముగా కరపత్రములు పంచిరి. 1943 ఫిబ్రవరిలో మ్యూనిక్ విశ్వవిద్యాలయమున కరపత్రములు వెదజల్లుచుండగా పట్టుబడిరి. నాలుగు దినములు గడువకముందే, ఫిబ్రవరి 22వ తేదీన, ఆ యన్నచెల్లెండ్రకు మ్యూనిక్‌లోనే శిరచ్ఛేదము జరిగెను. యుద్ధానంతరము ఐఖర్ వారి సోదరియగు ఇంగె షోల్‌ను వివాహమాడెను. ఆ దంపతులు మరికొందరితో కలిసి, 1953లో ఉల్మ్ పట్టణమున రూపకల్పన విద్యాలయమును నెలకొల్పిరి. కాగితపు ముక్కపై నాలుగు మాటలు అచ్చువేసినందుకు తనవారు ప్రాణములు కోల్పోయిన నగరమునకే, సంతోషకరమైన ముఖమును చిత్రింపవలసినవాడు ఐఖర్. అతని గీతలు మోయవలసిన బరువు అట్టిది.

ఐఖర్ మొదట రంగులను విచారించెను. బెర్లిను జెండాల ఎరుపును, నలుపును విడిచి, ఆకాశపు లేతనీలమును ముఖ్యముగా గైకొని, ఆకుపచ్చ, పసుపు, నారింజ మొదలగు ఇంద్రధనుస్సు వన్నెలను దానికి జతచేసెను. టికెట్టు మొదలు జెండా వరకు, కావలివాని దుస్తులు మొదలు దారి చూపు పలక వరకు, అన్నియు ఆ రంగులతోనే వెలసెను. అధికారమును, భయమును సూచించునదేదియు అందుండరాదని అతని పట్టుదల. టోకియో చిహ్నములు చూపిన మార్గమును మరింత సూక్ష్మముగా సాగించి, చతురస్రమున నిలువుగీతలు, అడ్డుగీతలు, ఏటవాలుగీతలు గల యొక వలను గీసికొని, దానిపై క్రీడాకారుల బొమ్మలను నిలిపెను. తల యొక వట్రువబిళ్ల. కాలుసేతులు సమానమైన మందము గల పట్టీలు. ఆ కొలది భాగములతోనే పరుగు, దూకుడు, కుస్తీ, ఈత - ప్రతియాటయు స్పష్టముగా రూపొందెను. ఆ మనిషికి ముఖము లేదు, జాతి లేదు, రంగు లేదు. కావున అతడు ఏ దేశస్థుడైనను కావచ్చును. ఒకజాతియే శ్రేష్ఠమని గర్జించిన ప్రభుత్వమునకు ఆ ముఖములేని బొమ్మ యిచ్చిన యుత్తర మింతకన్న వేరు కాదు.

అయినను చిహ్నములు సర్వశక్తిగలవి కావు. 1972 సెప్టెంబరు 5వ తేదీన సాయుధులు క్రీడాగ్రామమున జొరబడిరి. ఇజ్రాయేలు జట్టునకు చెందిన 11 మంది క్రీడాకారులును, శిక్షకులును మరణించిరి. ఒక జర్మను పోలీసు అధికారియు మరణించెను. లేతనీలపు జెండాల నడుమ లోకము కన్నీరు కార్చెను. మంచిబొమ్మ దుర్మార్గుని చేతిని ఆపజాలదు. కాని ఆ దుఃఖము వలన ఐఖర్ పని వ్యర్థము కాలేదు. అతని బొమ్మలు 1976లో మాంట్రియల్ క్రీడలలోను వాడబడెను. పిదప లోకమందలి చిహ్నముల కెల్ల ఒరవడి యయ్యెను.

ఈ చరిత్రను బట్టి, ఒక క్రీడావస్తు ప్రదర్శనశాలకు క్రొత్త రూపము కల్పించువాడు పాటింపవలసిన నియమములు తేటపడుచున్నవి. మొదటిది స్పష్టత. చిహ్నము గోలీకాయంత చిన్నదై టికెట్టుపై నున్నను, గోడయంత పెద్దదై ద్వారముపై నున్నను ఒకేరీతిగా తెలియవలెను. రంగులు లేక నల్లసిరాతో అచ్చువేసినను చెడరాదు. రెండవది ఐక్యము. గుర్తు, అక్షరములు, రంగులు, దారి చూపు పలకలు, పుస్తకముల అట్టలు - అన్నియు ఒకయింటి బిడ్డలవలె కనబడవలెను. మూడవది స్థానికత. ఆ నేలకు చెందిన కళలో పనికివచ్చు దానిని వెదకికొనవలెను. నాలుగవది సత్యము. ప్రదర్శనశాలలో నున్నవి గెలిచినవారి పతకములు మాత్రమే కావు. ఓడినవారి పాదరక్షలును అచ్చటనే యుండును. గెలుపును మాత్రమే చాటు చిహ్నము సగము నిజమునే చెప్పును. అయిదవది నిగ్రహము. పాతగుర్తును మార్చునపుడు, జనులు దానిపై పెంచుకొనిన ప్రేమను తూచి చూడవలెను. క్రొత్తదనమే గొప్పతనము కాదు. కూబర్తిన్ చేతితో గీసిన వలయములు నూరేండ్లు దాటినను మారకుండుట యిందుకు సాక్ష్యము.

స్విట్జర్లాండు దేశములోని లొసాన్ నగరమున, సరస్సు ఒడ్డున, ఒలింపిక్ ప్రదర్శనశాల కలదు. అది 1993 జూన్ 23వ తేదీన, సంఘము పుట్టిన దినమునాడే తెరువబడి, 2013 డిసెంబరులో నవీకరింపబడి మరల తెరువబడెను. అందుంచబడిన వస్తువులలో నాటినాటి కాగడాలు, పతకములు మొదలగువానితో బాటు ప్రకటనచిత్రములును గలవు. అనగా ప్రదర్శనశాలకు గుర్తుగా నుండవలసిన బొమ్మయే, కాలము గడచినపిమ్మట ప్రదర్శింపదగిన వస్తు వగుచున్నది. 2021 జూలైలో టోకియో నగరమున రెండవమారు ఒలింపిక్ క్రీడలు ఆరంభమైనప్పుడు, 1964 నాటి చిహ్నముల సంప్రదాయమును స్మరించుచు, ముసుగులు ధరించిన నటులు 50 క్రీడాచిహ్నములను తమ శరీరములతో అభినయించి చూపిరి. బొమ్మలో బంధింపబడిన మనిషి మరల బొమ్మనుండి వెలువడి నడచినట్లయ్యెను. ఆ క్రీడలలోనే తెలుగుబిడ్డ పి.వి. సింధు బాడ్మింటనులో కాంస్యపతకమును గెలిచెను.

వీధిలో నడచునప్పుడు ప్రతిదినమును ఎన్నియో చిహ్నములు కంటబడుచుండును. పాఠశాల యొద్ద పరుగెత్తు పిల్లల బొమ్మ, ఆసుపత్రి గుర్తు, బస్సు ఆగు చోటి గుర్తు - వీనిని ఎవరును ఆగి చూడరు. చూడవలసిన యవసరము లేకయే అవి తమ పనిని చేయుచున్నవి. అదియే వాని ఘనత. తన పేరు ఎచ్చటను వ్రాసికొనక, తన హక్కును విడిచి, తెలియని బాటసారికి దారి చూపిన చిత్రకారుడు మాటలాడకయే మేలు చేసినవాడు. భాష తెలియని యతిథికి కూడ అర్థమగునట్లు చెప్పవలెనను కోరిక యున్నచోట, నాలుగు గీతలును ఒక గొప్ప మర్యాద యగును.